రక్షకుడు దేని నుండి రక్షించడానికి వచ్చాడు? కొన్ని అపోహలు, వాస్తవాలు

సంఘ కాపరిగా నా పనిలో పెద్ద భాగం రోగుల మంచాల పక్కనే గడుస్తుంది. అక్కడ నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న ప్రశ్న, "అయ్యగారూ, నా విశ్వాసంలో లోపం ఎక్కడుంది?" అన్నది. ఈ మధ్య ఆ ప్రశ్న అడిగిన పెద్దాయన మధుమేహ రోగి. స్వస్థత కూటంలో తలమీద చేతులుంచి ప్రార్థించిన ఒక బోధకుడు, ఇకమీదట మందు వాడితే అది అవిశ్వాసమే అవుతుందని చెప్పడంతో ఆయన ఇన్సులిన్ మానేశారు. పాదానికి పడిన పుండు ముదిరి, చివరకు మోకాలి కింది భాగమంతా తీసివేయవలసి వచ్చింది. కాలు పోయిందన్న దుఃఖం కంటే, దేవుని ఎదుట తాను తప్పిపోయానన్న దిగులే ఆయనను ఎక్కువగా తినేస్తున్నది.

అందుచేత అన్నిటికంటే ముందు చెప్పవలసిన అపోహ ఇది: యేసు మన రోగాలనూ అప్పులనూ తీర్చడానికే వచ్చాడు, అవి తీరలేదంటే మన విశ్వాసం చాలలేదు.

వాస్తవం ఆయన పేరులోనే ఉంది. "యెహోవాయే రక్షణ" అన్న అర్థమున్న హీబ్రూ పేరు గ్రీకు గుండా మనకు యేసుగా వచ్చింది. ఆ పేరే ఎందుకు పెట్టాలో దూత యోసేపుకు చెప్పిన కారణం మత్తయి 1:21లో ఉంది: ఆయన తన ప్రజలను వారి పాపముల నుండి రక్షించును. తాను వచ్చిన పని గురించి యేసు స్వయంగా చెప్పిన మాట (మార్కు 10:45) అనేకులకు ప్రతిగా తన ప్రాణాన్ని విమోచన క్రయధనముగా, అంటే విడిపించడానికి చెల్లించే వెలగా, ఇవ్వడమని. ఆయన రోగులను బాగుచేయలేదని నేను అనడం లేదు. బాగుచేశాడు, ఈనాటికీ చేయగలడని నమ్మే నేను నూనె రాసి ప్రార్థిస్తూనే ఉన్నాను. అయితే యోహాను సువార్త ఆ కార్యాలను సూచకక్రియలని పిలిచింది. సూచన తనవైపు కాక మరొకదానివైపు చూపిస్తుంది.

యోహాను సువార్తలోని బేతెస్ద కోనేటి సంగతి చదివినవారు కూడా అందులోని రెండు వివరాలను దాటిపోతుంటారు. ఐదు మంటపాలలో రోగులు గుంపులుగా పడి ఉండగా, 38 ఏళ్లుగా వ్యాధితో ఉన్న ఒక్క మనిషిని బాగుచేసినట్టే అక్కడ రాసి ఉంది. మిగిలినవారికి విశ్వాసం లేదన్న మాట ఎక్కడా లేదు. పైగా, బాగుపడినవాడికి తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు. "ఇకను పాపము చేయకుము" అని యేసు తరువాత అతనితో అన్నాడు కదా అని కొందరు వాదిస్తారు. మనిషి అంతరంగం ఎరిగినవాడు ఒక్కడితో అన్న మాట అది. ఆ ఎరుక లేని మనం ప్రతి మంచం దగ్గరా దాన్ని వల్లించడానికి మనకు అధికారమెవరిచ్చారు? పుట్టుగుడ్డివాని విషయంలో వాడు గాని వాని తల్లిదండ్రులు గాని పాపం చేయలేదని ఆయనే చెప్పాడు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగిలినవారికంటే పాపులు కారనీ చెప్పాడు. తన సహచరుడు త్రోఫిము రోగి కాగా అపొస్తలుడైన పౌలు అతన్ని మిలేతు పట్టణంలో విడిచి వచ్చాడు, మరో సహచరుడు తిమోతి తరచు జబ్బుపడితే గద్దించకుండా ఉపాయం చెప్పాడు, తన వెంట వైద్యుడైన లూకాను ఉంచుకున్నాడు. మందును అవిశ్వాసమనేవారు పౌలు లేఖలను ఎలా చదువుతారో నాకు అంతుపట్టదు.

ఇక రక్షకుడు ఎవరన్న విషయంలో వినబడే పుకార్లు. క్రీస్తు అన్నది ఇంటిపేరు కాదు, అభిషిక్తుడన్న బిరుదు. మెస్సీయ అన్నా అదే. దేవుని కుమారుడన్న మాటకు శరీర సంబంధమైన అర్థాన్ని ఏ ప్రధాన సంఘమూ ఎన్నడూ బోధించలేదు. 325లో నికేయలో కూడిన సంఘ పెద్దల సభ ఓటు వేసి యేసును దేవుణ్ణి చేసిందన్నది మరొకటి. అరియసు అనే సంఘ బోధకుడు యేసును సృజింపబడినవాడన్నందున, ఆయన తండ్రితో ఏకతత్వము గలవాడని సభ తేల్చి చెప్పింది. అంతేగాని కొత్త దేవుణ్ణి నిలబెట్టలేదు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే, క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకొని క్రీస్తును దేవునిగా కీర్తిస్తున్నారని రోమా అధికారి ప్లినీ ట్రాజను చక్రవర్తికి రాశాడు.

యేసు సగం దేవుడు, సగం మనిషి అన్న ఊహను మాత్రం సరిదిద్దకుండా వదలలేను. 451లో కల్కెదోనులో కూడిన సంఘ పెద్దల సభ ఆయన సంపూర్ణ దేవుడు, సంపూర్ణ మానవుడు, అయినా ఒకే వ్యక్తి అని చెప్పింది. ఇది పండితుల తగవుగా కనిపించవచ్చు గాని, రోగి దగ్గర నాకు అన్నిటికంటే అక్కరకు వచ్చే సిద్ధాంతం ఇదే. సిలువకు ముందటి రాత్రి గెత్సేమనే తోటలో ఆ రక్షకుడే శ్రమల గిన్నె తన నుండి తొలగిపోవాలని ముమ్మారు ప్రార్థించాడు, గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసంలో లోపముందని ఎవరైనా అనగలరా?

ఇదంతా నాకు మొదటినుండీ తెలుసునని చెప్పుకోలేను. సేవలోకి వచ్చిన కొత్తలో, జ్వరంతో ఉన్న బిడ్డను ఒడిలో పెట్టుకున్న ఒక తల్లిని, "ఒప్పుకోని పాపమేమైనా ఉందా అమ్మా?" అని అడిగాను. చాలా ఏళ్ల తరువాత క్షమాపణ కోరడానికి వెళితే, "ఆ రాత్రంతా చిన్నప్పటి నుండి చేసినవన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను అయ్యగారూ" అని మాత్రం అన్నది.

కాలు పోయిన పెద్దాయనకు ఆ సాయంత్రం గెత్సేమనే భాగమే చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, మళ్లీ చదవమన్నారు. చదివి ప్రార్థన మొదలుపెట్టేసరికి నర్సు ఇన్సులిన్ తీసుకొచ్చింది. ఒక్క నిమిషం ఆగమని నాకు సైగ చేసి, ఆయనే చేయి చాపారు.