మెదడు చదువు మైనర్‌గా: గొడవ క్రెడిట్ల దగ్గర మొదలు కాలేదు

డిగ్రీ ప్రవేశాల వేళ పాత ప్రశ్నే మళ్లీ లేచింది. ఆలోచన, జ్ఞాపకం వంటివి మెదడులో ఎలా జరుగుతాయో చదివే కాగ్నిటివ్ న్యూరోసైన్స్‌ను మైనర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుకు తోడు సబ్జెక్టుగా, చదివేవారికి స్టాటిస్టిక్స్, ల్యాబ్ తప్పనిసరి చేయాలా, వద్దా?

మైనర్ చదువు జాతీయ విద్యా విధానంలో భాగం. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మైనర్‌కు మూడేళ్ల డిగ్రీలో 24 క్రెడిట్లు, నాలుగేళ్ల డిగ్రీలో 32. క్రెడిట్‌కు 15 గంటల పాఠం అనుకుంటే మూడేళ్లకు 360 గంటలు. వాటిని దేనితో నింపాలన్నదే తగువు.

దీనికి మూలం 1992లో ఉంది. అంతకుముందు మనిషి ఆలోచిస్తుండగా మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూడాలంటే పెట్ స్కాన్ కోసం రేడియోధార్మిక పదార్థం ఎక్కించాల్సి వచ్చేది. రక్తంలోని ఆక్సిజన్ మార్పులను ఎంఆర్ఐ పట్టుకోగలదని సెయిజి ఒగావా బృందం 1990లో ఎలుకలపై చూపింది. రెండేళ్లకే మనుషులపై ఫలితాలు వచ్చాయి. సూది అవసరం లేకపోయేసరికి సైకాలజీ వాళ్లూ స్కానర్ గదిలోకి వచ్చారు. ఆ రోజు నుంచి ఈ శాస్త్రం లెక్కల మీద నిలబడింది.

ఎందుకంటే ఒక్క స్కాన్‌లో మెదడును లక్షకు పైగా చిన్న గడులుగా విడదీసి చూస్తారు. నూటికి ఐదు తప్పులు పోనిద్దాం అనుకున్నా, ఐదు వేల గడులు ఊరికే వెలుగుతాయి. 2009లో అమెరికా పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించారు. లెక్క సరిచేయకపోతే ఆ చేప మెదడు కూడా ‘స్పందించింది’. స్కాన్ విశ్లేషణ సాఫ్ట్‌వేర్లలోనూ ఇలాంటి లోపాలున్నాయని 2016లో మరో పరిశోధన బయటపెట్టింది. స్టాటిస్టిక్స్ రానివారికి ఆ రంగురంగుల స్కాన్ బొమ్మలన్నీ నిజమైన ఫలితాల్లాగే కనిపిస్తాయి.

మన దేశంలో ఈ చదువు పైనుంచి, అంటే పీజీ, పరిశోధన స్థాయి నుంచి, మొదలైంది. అలహాబాద్ విశ్వవిద్యాలయంలో 2002లో కేంద్రం పెట్టారు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఉంది. డిగ్రీ కాలేజీలకు మాత్రం ల్యాబూ రాలేదు, దాన్ని నడిపే అధ్యాపకులూ రాలేదు. పైగా మన పిల్లలు పదహారేళ్లకే రెండుగా చీలిపోతారు. బైపీసీ వాళ్లకు లెక్కలు ఆగిపోతాయి, ఎంపీసీ వాళ్లకు జీవశాస్త్రం ఆగిపోతుంది. ఈ సబ్జెక్టుకు రెండూ కావాలి.

కఠినం చేస్తే ఆర్ట్స్ విద్యార్థులు దగ్గరికే రారని, పరిచయం చేస్తే చాలని కాలేజీల వాదన. అయితే 2024 నాటి పీజీ చట్రం మైనర్‌లోనూ పీజీ చేసే దారి తెరిచింది. పరిచయంతో సరిపెట్టుకున్న పిల్లలు నేరుగా ఎమ్మెస్సీ ల్యాబ్‌లోకి వెళ్తారు. అక్కడ మెదడు విద్యుత్ సంకేతాలను తల పైనుంచి కొలిచే ఈఈజీ టోపీకి జెల్ పట్టించి ఒక్కో ఎలక్ట్రోడ్‌నూ సరిచూసుకుంటూ కూర్చోవాలి. ఎదుటి మనిషి రెప్ప వేస్తే చాలు, ఆ సంకేతం మెదడు సంకేతాన్ని మింగేస్తుంది. ఏది రెప్పో, ఏది మెదడో విడదీయడం పుస్తకం చదివితే రాదు.

ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26లో లెక్కలు, జీవశాస్త్రం కలిపి చదివే ఎంబైపీసీకి వీలు కల్పించింది. ఆ బ్యాచ్ డిగ్రీకి వచ్చేది 2027లో. ఈలోగా చేరే బైపీసీ పిల్లల కోసమైనా మైనర్‌లో మొదటి పేపర్‌గా స్టాటిస్టిక్స్ పెట్టాలి.