జిమ్ముకు బూట్లు కొనబోయే మనవలకు

నల్లకుంట, హైదరాబాద్

చి. చిన్నూకీ, చి. బుజ్జికీ తాతయ్య దీవించి వ్రాయునది.

ఫోన్లో చెబుదామంటే సగంలోనే "సరే తాతా, సరే" అని పెట్టేస్తారు. అందుకే కాగితం పట్టుకున్నాను. మొన్న చిన్నూ పంపిన బూట్ల ఫొటో చూశాం. ధర చూసి మీ నాన్నమ్మ సున్నా ఒకటి ఎక్కువ పడిందేమో అనుకుంది. ధర సంగతి తర్వాత మాట్లాడదాం. అవి పరుగెత్తేవాళ్ళ కోసం చేసినవిరా. నువ్వేమో జిమ్ములో బరువులెత్తుతానంటున్నావు. నా పేచీ అక్కడ.

పరుగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకీ మన బరువుకు రెండు మూడింతల దెబ్బ పాదం మీద పడుతుంది. దాన్ని మింగడానికే ఆ సోలులో మెత్తటి నురగ పెడతారు. ఎక్కువగా వాడేది ఈవీఏ అనే రకం. వేలితో నొక్కితే వేడి ఇడ్లీలా దిగుతుంది. పైగా చాలా మోడళ్ళలో ముందరి భాగం కన్నా మడమ 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. పరుగుకు ఇదంతా బాగానే ఉంటుంది. కానీ భుజాల మీద బరువు పెట్టుకుని గుంజీ తీసేటప్పుడు కింద ఆ మెత్తదనం ఉంటే? దూది పరుపు మీద నిలబడి నిండు నీళ్ళ బిందె ఎత్తి చూడు, నీకే తెలుస్తుంది. చీలమండ అటూ ఇటూ ఊగుతుంది. బరువులకు కావలసింది గట్టిగా, చదునుగా ఉండే సోలు. మేం బళ్ళో డ్రిల్లుకు వేసుకున్న తెల్ల కాన్వాసు బూట్లలాంటివి ఆ పనికి చాలు, ఇప్పటికీ వందల్లోనే దొరుకుతాయి. (సోమవారం పొద్దున వాటికి తెల్ల పాలిష్ పట్టించడం పెద్ద తంతు. తడారకముందే వేసుకెళ్ళి లాగు నిండా మరకలు చేసుకునేవాళ్ళం.)

బుజ్జీ, నీ లెక్క వేరు. ట్రెడ్‌మిల్ మీద అరగంట నడిచేదానివి, నీకు మెత్తటి సోలే మంచిది. కానీ ఆ జుంబా అనే డాన్సు కసరత్తులో పక్కలకు గెంతుతారు కదా, పరుగు బూటు ముందుకు పోవడానికి చేసింది, పక్కకు పడే పాదాన్ని సరిగ్గా పట్టి ఉంచదు. అన్నీ కలిపి చేసేవాళ్ళ కోసం ట్రైనింగ్ షూస్ అని అమ్ముతారు, అవి అడుగు. షాపులో కుర్రాడికి రంగు చెప్పే ముందు, జిమ్ములో ఏం చేస్తావో చెప్పు.

ఇక సైజు. ఇది నా గోరు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. రిటైరైన కొత్తలో ఇందిరా పార్కులో నడుద్దామని బూట్లకు వెళ్ళాను. తగ్గింపు ధరలో 8 ఉంది, 9 లేదు. "రెండ్రోజులు వేస్తే సాగుతాయి సార్" అన్నాడతను. తోలైతే కాస్త సాగేదేమో, ఇవి సాగవు. పదిహేను రోజులకు బొటనవేలి గోరు నల్లబడి ఊడింది, కొత్తది పూర్తిగా రావడానికి ఏడాది పైనే పట్టింది. తగ్గింపులో మిగిలింది మాత్రం 600 రూపాయలు.

కాబట్టి సాయంత్రం వెళ్ళండి. పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, పొద్దున సరిపోయింది రాత్రికి బిగుసుకుంటుంది. వెళ్ళేముందు ఇంట్లో కాగితం మీద నిలబడి, కూర్చుని కాదు, రెండు పాదాల చుట్టూ గీత గీసి కొలవండి. రెండూ ఒకటే ఉంటాయనుకోకండి, పెద్దదాని కొలతకే కొనాలి. బూటు నాలుక లోపలి చీటీ మీద యూకే, ఈయూ అంకెలతోపాటు చాలావాటికి సెంటీమీటర్లు కూడా ఉంటాయి, అది పాదం పొడవే. యూకే సైజుల్లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఇంచిలో మూడో వంతు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఒక బార్లీ గింజ పొడవట! మనం బెత్తెడు, జానెడు అని కొలుచుకోలేదూ, వాళ్ళు గింజలతో కొలుచుకున్నారు. అర సైజంటే ఏముందిలే అనుకోవద్దు, గోళ్ళు ఊడేది ఆ నాలుగు మిల్లీమీటర్ల దగ్గరే.

వేసుకుని నిలబడితే పొడుగు వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. పక్కన చిటికెన వేలు నొక్కుకుపోకూడదు. చిన్నూ, నీది మీ నాన్న పాదమే. షాబాదు బండల మీద తడికాలు పెడితే చేటంత అచ్చు పడుతుంది. నీకు వెడల్పు రకం కావాలి. చీటీ మీద 2ఈ, 4ఈ అని ఉంటుంది, అడిగితే తీసి చూపిస్తారు. మడమ జారుతోందని చిన్న సైజుకు దిగకండి. పైన చివర వాడకుండా వదిలేసే బెజ్జం ఒకటి ఉంటుంది చూశారా, ఆ చివరి రెండు బెజ్జాల మధ్య లేసుతో ఉచ్చు వేసి, అవతలి కొసను అందులోంచి లాగి కట్టండి, మడమ కుదురుకుంటుంది. అద్దంలో చూసుకోవడం తర్వాత, ముందు షాపులోనే నాలుగు గుంజీలు తీయండి. నవ్వితే నవ్వనీ, కరిచేది మీ కాలిని.

ధర విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 దాకా ఉంటే జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. మీరు చేసే కసరత్తుకు ఆ గీత దాటాల్సిన పని నాకైతే కనబడలేదు. నిరుటి మోడలైతే ఇంకా తగ్గుతుంది. పేరున్న కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి అమ్మే ఫస్ట్ కాపీల జోలికి మాత్రం పోవద్దు.

ఒకటి కొంటే ఒకటి ఉచితమని రెండో జత అటకెక్కించకండి. మీ బాబాయి తెచ్చిన బూట్లు మంచి రోజుకని నాలుగేళ్ళు డబ్బాలో దాచాను. తీసి వేసుకుని పార్కులో ఒక చుట్టు తిరిగేసరికి సోలు అటుకుల్లా రాలిపోయింది. పాలీయురెథేన్ అనే రకం నురగతో చేసిన సోళ్ళు అంతే, గాలిలోని తేమకు లోలోపలే చివికిపోతాయి. ఇంటికి సాక్సులతో నడిచొచ్చాను. మీ నాన్నమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.

శనివారం సాయంత్రం ఆరింటికి ఇద్దరూ రండి, కోఠికి పోదాం. జిమ్ముకు వేసుకునే సాక్సులే తెచ్చుకోండి, ఉతికినవి. పాత బూట్లు కూడా సంచీలో వేసుకు రండి, సోలు ఎటువైపు అరిగిందో చూడాలి.

మీ తాతయ్య