బోనస్ పడింది, సగం ఏమైంది? అపోహలు - వాస్తవాలు

దసరా, దీపావళి వచ్చాయంటే పేరోల్ డెస్క్‌లో మాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, లెటర్‌లో రెండు లక్షలని ఉంది. అకౌంట్‌లో లక్షా యాభై ఎనిమిది వేలే పడింది. మిగతాది ఏది?" అడిగేవాళ్ల కోపంలో న్యాయం ఉంది. ఎందుకంటే లెటర్ రాసేవాళ్లు టీడీఎస్ (జీతం ఇచ్చేముందే కంపెనీ పట్టుకునే పన్ను) ఊసే ఎత్తరు. కింద ఇచ్చిన లెక్కలూ నిబంధనలూ అన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, కొత్త పన్ను విధానం ప్రకారం వేసినవి.

అపోహ: బోనస్ మీద నేరుగా 30 శాతం కోసేస్తారు.

బోనస్‌కంటూ మన దగ్గర వేరే రేటు లేదు. అది ఆ ఏడాది జీతంలో కలిసిపోతుంది, అంతే. ఏడాదికి 18 లక్షల జీతం ఉన్నవాళ్లను తీసుకోండి. ఉద్యోగులందరికీ జీతంలోంచి తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోను 17.25 లక్షలు. దీని మీద రెండు లక్షల బోనస్ వస్తే 19.25 లక్షలు. 16 నుంచి 20 లక్షల శ్లాబుకు రేటు 20 శాతం కాబట్టి బోనస్ మీద పన్ను 40,000, దానికి 4 శాతం సెస్సు 1,600. చేతికొచ్చేది 1,58,400. అదే మనిషి జీతం 26 లక్షలైతే 30 శాతమే పడుతుంది. అంటే రేటును నిర్ణయించేది మీ మొత్తం ఆదాయమే.

డల్లాస్‌లో ఉన్న బావగారు చెప్పిన లెక్క మాత్రం ఇక్కడ పెట్టుకోకండి. అమెరికాలో బోనస్ మీద ఫెడరల్ పన్నును చాలా కంపెనీలు 22 శాతం చొప్పున ముందే పట్టుకుంటాయి. పెన్షన్ కోసం కట్టే సోషల్ సెక్యూరిటీ 6.2, వైద్యం కోసం కట్టే మెడికేర్ 1.45 శాతం అదనం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అక్కడివాళ్లు కొంత నయం. అక్కడైనా ఆ 22 శాతం ముందస్తు కోతే. రిటర్న్ వేసినప్పుడే అసలు లెక్క తేలుతుంది.

అపోహ: బోనస్ వల్ల శ్లాబు దాటితే మొత్తం జీతానికి పెద్ద రేటు పడుతుంది, వద్దనుకోవడమే మేలు.

మామూలుగా ఇది తప్పు. శ్లాబు దాటిన భాగానికే కొత్త రేటు. కానీ ఒక్కచోట ఈ మాట దాదాపు నిజమవుతుంది. ఆ చోటు చాలామంది మధ్యతరగతి ఉద్యోగులున్న చోటే కావడం వల్ల కాస్త నిదానంగా చెబుతాను.

పన్ను విధించే ఆదాయం 12 లక్షలు దాటనంత వరకు రిబేటు (పన్ను మాఫీ) వల్ల పన్ను సున్నా. స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12.75 లక్షల జీతం దాకా ఇబ్బంది లేదు. నెలకు లక్ష జీతం ఉన్న ఉద్యోగికి వేర్వేరు బోనస్‌లు ఇచ్చి చూద్దాం.

బోనస్ 75,000: పన్ను సున్నా, చేతికి 75,000.
బోనస్ 1,00,000: పన్ను 26,000, చేతికి 74,000.
బోనస్ 1,45,000: పన్ను 72,800, చేతికి 72,200.
బోనస్ 1,50,000: పన్ను 74,100, చేతికి 75,900.
బోనస్ 2,00,000: పన్ను 81,900, చేతికి 1,18,100.

రెండో, మూడో వరసలు చూశారా? బోనస్ పెరిగింది, చేతికొచ్చింది తగ్గింది. 12 లక్షలు దాటగానే రిబేటు పోతుంది. మార్జినల్ రిలీఫ్ అనే వెసులుబాటు అడ్డుపడి, 12 లక్షల మీద ఎంత దాటారో అంతకు మించి పన్ను పడనివ్వదు. అయితే ఆ పన్ను మీద 4 శాతం సెస్సు మళ్లీ వేస్తారు. ఆ సెస్సే మన జేబుకు చిల్లు. అందుకే "లక్షన్నర బోనస్‌లో సగం పోయింది" అని ఎవరైనా మొత్తుకుంటే నేను కొట్టిపారేయను, ముందు వాళ్ల ఏడాది జీతం అడుగుతాను.

దీనికి విరుగుడు ఉంది. కంపెనీ తరఫున కట్టే ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) వాటాకు, బేసిక్, డీఏ కలిపిన దానిలో 14 శాతం దాకా, కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది. పై ఉద్యోగి బేసిక్ నెలకు 50,000 అనుకోండి. జీతంలోంచే ఏడాదికి 84,000 ఆ ఖాతాకు మళ్లిస్తే, లక్షన్నర బోనస్ వచ్చినా పన్ను విధించే ఆదాయం 11.91 లక్షలే. పన్ను సున్నా. కాకపోతే ఆ డబ్బు చాలా ఏళ్లు ఇరుక్కున్నట్టే. పైగా హెచ్‌ఆర్‌తో మాట్లాడి ఏప్రిల్‌లోనే సర్దుకోవాలి, మార్చిలో పరుగెత్తితే కుదరదు.

అపోహ: మార్చిలో ఒక పాలసీ కట్టేస్తే బోనస్ పన్ను తప్పుతుంది.

కొత్త విధానంలో 80సీ (పాలసీల్లాంటి పొదుపులకు ఇచ్చే పన్ను మినహాయింపు) వర్తించదు. పాలసీ అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

అపోహ: బోనస్ వచ్చిన నెలలో ఎక్కువ కోశారంటే ఎక్కువ పన్ను వేశారన్నమాట.

టీడీఎస్ అనేది ఏడాది అంచనా మీద నెలనెలా చేసే కోత. పైన చెప్పిన 18 లక్షల ఉద్యోగికి మామూలుగా నెలకు 12,567 పోతుంది. అక్టోబర్‌లో బోనస్ పడితే కొన్ని కంపెనీలు ఆ నెలే 54,167 పట్టుకుంటాయి. కొన్ని మార్చి దాకా ఆరు నెలలకు పంచి, నెలకు సుమారు 6,933 అదనంగా కోస్తాయి. మొత్తం ఒకటే. కోత నిజంగా అనుమానంగా ఉంటే పేస్లిప్‌తో పాటు టాక్స్ షీట్ అడగండి. ఒకసారి ఇచ్చే బోనస్‌ను నెలనెలా వచ్చే అలవెన్స్ హెడ్ కింద ఎక్కిస్తే, సాఫ్ట్‌వేర్ దాన్ని మిగిలిన నెలలన్నిటికీ గుణించేస్తుంది. ఎవరైనా చెబితే వచ్చే నెలలోనే సవరిస్తారు, లేకపోతే రిటర్న్ వేశాక రీఫండ్ కోసం ఎదురుచూడాలి.

మధ్యలో ఉద్యోగం మారినవాళ్లకు దీనికి ఉల్టా జరుగుతుంది. పాత కంపెనీ జీతం, బోనస్ వివరాలు కొత్త చోట ఇవ్వకపోతే రెండు కంపెనీలూ విడివిడిగా స్టాండర్డ్ డిడక్షన్, రిబేటు ఇచ్చేస్తాయి. జులైలో రిటర్న్ వేసేటప్పుడు బాకీ వడ్డీతో సహా బయటపడుతుంది. పాత జీతం వివరాలుండే ఫారం (2025-26లో ఫారం 12బి) నింపి ఇస్తే ఈ టెన్షన్ ఉండదు.

అపోహ: లాభాల వాటా, పండగ బోనస్ జీతం కాదు కాబట్టి పన్ను లేదు.

2025 దసరాకు సింగరేణి పర్మినెంట్ కార్మికులకు సగటున 1.95 లక్షల లాభాల వాటా వచ్చింది. అదీ జీతం లెక్కే. రైల్వేలో 78 రోజుల బోనస్, గరిష్ఠంగా 17,951 రూపాయలు, అదీ అంతే. మొత్తం చిన్నదైనా పెద్దదైనా పేరు మారితే పన్ను మారదు. చట్టప్రకారం ఇచ్చే బోనస్ మీద పీఎఫ్ కోత మాత్రం ఉండదు. పండగకు నగదు ఇస్తే మొత్తం పన్నులోకి వస్తుంది. వస్తువో వోచరో అయితే 2025-26లో ఏడాదికి 5,000 లోపు వదిలేశారు.

అపోహ: జాయినింగ్ బోనస్ తిరిగి కట్టాల్సి వస్తే చేతికొచ్చినంతే కడతాం.

మూడు లక్షలిస్తే 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు 62,400 పోయి 2,37,600 అందుతుంది. ఏడాది లోపు మానేస్తే చాలా కంపెనీలు అడిగేది మూడు లక్షలూ. అదే ఆర్థిక సంవత్సరమైతే లెక్క సవరించే వీలుంది. మార్చి దాటితే ఆ 62,400 రాబట్టుకోవడం పెద్ద తలనొప్పి. ఆఫర్ లెటర్‌లో రికవరీ గ్రాస్ (పన్ను కోయకముందు మొత్తం) మీదా, నెట్ (చేతికొచ్చిన మొత్తం) మీదా అన్నది రాతపూర్వకంగా అడిగాకే సంతకం పెట్టండి.