పొట్లకాయకు రాయి, పసిపాదానికి కట్టు

చిరంజీవులు సాహితికి, చైతన్యకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. "పిన్నికి పుట్టిన తమ్ముడికి రెండు కాళ్ళకీ తొడల దాకా తెల్లటి కట్లు వేశారు. వాడు ఎక్కడా పడలేదు, ఎముక విరగలేదు. మరి కట్టెందుకు? గ్రహణం రోజున పిన్ని బయటికి రావడం వల్లే ఇలా అయిందని పక్కింటావిడ అంటోంది, నిజమేనా?" అని అడిగారు. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, అది మీ పిన్ని మనసుకు తగిలే మాట కాబట్టి. నిజం కాదు. గ్రహణానికీ మీ తమ్ముడి వంకర పాదాలకీ ఏ సంబంధమూ లేదు. పిన్ని తిన్నదాని వల్లా కాదు, చేసిన పని వల్లా కాదు, పడుకున్న తీరు వల్లా కాదు. ప్రపంచం మొత్తం మీద చూస్తే, సుమారుగా వెయ్యిమంది బిడ్డలు పుడితే ఒకరి పాదాలు ఇలా లోపలికి తిరిగి ఉంటాయి, దీన్నే వంకర పాదం (క్లబ్‌ఫుట్) అంటారు. ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో ఇది రెట్టింపు. అలా పుట్టినవాళ్ళలో దాదాపు సగం మందికి రెండు పాదాలూ వంకరే. ఆ మాట ఇంకోసారి ఎవరైనా ఎత్తితే, పిన్ని చెవిన పడకముందే మీరే ఈ లెక్క చెప్పండి.

ఇక కట్టు సంగతి. మీ పెరట్లో పొట్లపాదు ఉందిగా. శ్రావణం వచ్చింది కాబట్టి పందిరి నిండా పిందెలు దిగుతూ ఉంటాయి. పొట్లపిందెను దాని మానాన వదిలేస్తే మెలికలు తిరిగిపోతుంది. అందుకే జానెడు కాకముందే కొసకు పురికొసతో రాయి కడతారు. మా ఊళ్ళో ఆ పని పిల్లలకే అప్పజెప్పేవారు. ఏ పిందెకు ఎంత రాయి అన్నదే అందులోని విద్య. గింజంత గులకరాయి చాలదు, కాయ దాన్ని కూడా మోసుకుని మెలిక తిరుగుతుంది. గుప్పెడంత రాయి కడితే తొడిమ దగ్గర పుటుక్కున తెగి చేతికొస్తుంది. ముదిరిపోయి వంకర తేలిన కాయకు ఎంత బరువు వేలాడదీసినా లాభం లేదు. రాయి కాయను బలవంతంగా లాగదు, పెరిగేదానికి దారి చూపిస్తుంది. పాదం వైద్యం మొత్తం ఇందులోనే ఉందని నేను నమ్ముతాను.

మీ తమ్ముడి పాదంలో నాలుగు వంకరలున్నాయి. అరికాలి గుంత మరీ లోతుగా ఉంది. పాదం ముందుభాగం లోపలికి తిరిగింది. మడమ లోపలికి ఒరిగింది. పైగా మడమ పైకి లాక్కుపోయి వేళ్ళు కిందికి దిగాయి. వాడి పాదం ఎముకల్లో చాలావరకు ఇంకా మెత్తటి మృదులాస్థే. వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు మడమ వెనకా, లోపలి వైపూ పొట్టిగా బిగుసుకుని ఉన్నాయి. ఆ లిగమెంట్ల పోగులు సన్నని మడతలతో ఉంటాయి. మెల్లగా సాగదీస్తే మడతలు విచ్చుకుంటాయి. అక్కడితో ఆపి, సాగినంత మేర కట్టులో పెట్టి ఉంచితే, కొద్ది రోజుల్లో పోగుల్లో మళ్ళీ మడతలు ఏర్పడతాయి. అప్పుడు ఇంకొంచెం సాగదీయవచ్చు. వారానికొక కట్టు మార్చేది ఇందుకే. పుట్టిన మొదటి రెండు వారాల్లో మొదలుపెడితే సాధారణంగా ఐదారు కట్లతో పని అయిపోతుంది.

ఏ వంకరను ముందు దిద్దాలి? ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. అరికాలు లోపలికి చూస్తోంది కదా అని ముందుభాగాన్ని బలంగా బయటికి మెలిపెడితే, బొటనవేలి వైపు ఇంకా కిందికి దిగి గుంత మరింత లోతవుతుంది. సరైన పద్ధతిలో మొదటి కట్టుకు బొటనవేలి వైపున్న ఎముకను పైకెత్తుతారు. చూసేవాళ్ళకు పాదం మునుపటికన్నా వంకరైనట్టు కనిపిస్తుంది. "ఇదేమిటి, బాగుచేస్తామని ఇంకా తిప్పేశారు" అని తల్లులు కంగారుపడేది ఆ రోజే. కానీ అలా ఎత్తితేనే పాదం ముందుభాగం వెనకభాగంతో ఒక వరసలోకి వస్తుంది.

రెండో కట్టు నుంచి పాదాన్ని మొత్తంగా బయటివైపు తిప్పుకుంటూ పోతారు. అలా తిప్పేటప్పుడు డాక్టరు బొటనవేలు ఎక్కడ ఆనాలన్నది ప్రాణంలాంటి విషయం. ఆ చోటు మీరే మీ పాదం మీద వెతుక్కోండి. కింద కూర్చుని, అరికాలు లోపలికి చూసేలా పాదం తిప్పండి. బయటి చీలమండ ఎముకకు ముందు, కొంచెం పైగా వేలు పెట్టి నొక్కితే గుండ్రంగా ఒక బుడిపె తగులుతుంది. అది టేలస్ అనే ఎముక తల. పాదం బయటికి తిప్పుతూ పోండి, బుడిపె వేలికింద మాయమవుతుంది. కట్టు వేసేవాళ్ళు బొటనవేలితో ఆ తలను కదలకుండా ఆపి, మిగతా పాదాన్ని దాని చుట్టూ తిప్పుతారు. మడమను మాత్రం ఎవరూ పట్టుకోరు, తోయరు. అమెరికాలో కైట్ అనే పెద్ద డాక్టరు కూడా కట్లతోనే వైద్యం చేసేవారు. అయితే ఆయన వేలు ఆన్చింది మడమ ఎముక ముందున్న కీలు మీద. దాంతో మడమ ఎముక తిరిగే వీలు లేకపోయి, వైద్యం నెలల తరబడి సాగేది. రాయి మంచిదే, కొసకు కట్టాల్సింది కాయ నడుముకు కట్టారన్నమాట.

కట్టు వేసే తీరు కూడా చెబుతాను, వచ్చేసారి వెళ్ళినప్పుడు గమనించండి. బిడ్డ ఏడుస్తూ కాలు బిగిస్తే పని చెడుతుంది, అందుకే కట్టేంతసేపూ తల్లి పాలిస్తూ ఉంటే మేలు. ముందు ఒక నిమిషం పాటు పాదాన్ని మెల్లగా సాగదీస్తారు. పలచగా దూది చుడతారు. ఎక్కువ చుడితే పాదం లోపల కదిలిపోతుంది. దాని మీద నీళ్ళలో తడిపిన ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పట్టీ, ముందు మోకాలి కింద వరకే. అది గట్టిపడే లోపు పాదం ఆకారానికి వేళ్ళతో అచ్చుదిద్దుతారు. ఒకేచోట అదిమిపట్టకుండా వేళ్ళు కదుపుతూ ఉండాలి, లేదంటే అక్కడ పుండు పడుతుంది. తర్వాత మోకాలిని సమకోణంలో వంచి తొడ పైదాకా చుడతారు. మోకాలి దగ్గరే ఆపేస్తే కట్టు జారుతుంది, పాదం మళ్ళీ లోపలికి తిరుగుతుంది.

ఈ పద్ధతిని రూపొందించినవారు ఇగ్నాసియో పోన్సెటి. 1914లో స్పెయిన్‌కు చెందిన మినోర్కా ద్వీపంలో, గడియారాలు బాగుచేసే ఇంట పుట్టారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో క్షతగాత్రులకు వైద్యం చేసి, ఓటమి తర్వాత ఫ్రాన్స్‌కు దాటి, మెక్సికోలో ఒక చిన్న ఊళ్ళో వైద్యుడిగా ఉండి, 1941లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చేరారు. ఆ రోజుల్లో ఇలాంటి పాదాలను పెద్ద ఆపరేషన్లతో కోసి సరిచేసేవారు. పోన్సెటి అక్కడ చేసిన మొదటి పని, అంతకుముందు ఆపరేషన్ అయినవాళ్ళు ఎలా నడుస్తున్నారో చూడటం. పాదాలు బిగుసుకుపోయాయి, బలం లేదు, నొప్పి. కోసిన చోటల్లా గట్టి మచ్చకండ. అప్పుడాయన శవాల పాదాలను విప్పి, ఏ ఎముక ఎటు తిరుగుతుందో చూసి, 1940ల చివర్లో ఈ కట్ల పద్ధతి మొదలుపెట్టారు. 1963లో ఫలితాలు ప్రచురించారు. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. మరో ముప్పై ఏళ్ళు ప్రపంచం కోస్తూనే ఉంది.

అయోవాలో ఆయన పాత రోగులను వెతికి మళ్ళీ పరీక్షించి, 1995లో ఫలితాలు ప్రచురించారు. 45 మంది, అప్పటికి వాళ్ళ సగటు వయసు 34 ఏళ్ళు. 78 శాతం మందికి పాదాలు బాగా, లేదా చాలా బాగా పనిచేస్తున్నాయి. వంకర లేకుండా పుట్టిన మామూలు మనుషులను అదే కొలతతో చూస్తే వచ్చింది 85 శాతం. పరిశోధన అంటే కొత్త యంత్రం కనిపెట్టడమే అనుకోకండి పిల్లలూ. చేసిన వైద్యం ముప్పై ఏళ్ళకు ఏమైందో వెతుక్కుంటూ పోయి నిజాయితీగా రాసిపెట్టడం అంతకన్నా కష్టమైన పని. ఆ తర్వాత కన్నవాళ్ళే ఇంటర్నెట్‌లో ఒకరికొకరు చెప్పుకుని ఈ పద్ధతిని దేశదేశాలకు చేర్చారు. పోన్సెటి 2009లో, 95 ఏళ్ళ వయసులో పోయారు, అదీ తన పద్ధతి గెలవడం చూశాక.

కట్లతో మూడు వంకరలు పోతాయి. నాలుగోది, మడమ పైకి లాక్కుపోవడం, చాలామందిలో మిగిలిపోతుంది. మీ మడమ వెనక గట్టిగా చేతికి తగిలేది ఉంది కదా, మనవాళ్ళు నరం అంటారు గానీ అది పిక్క కండరాన్ని మడమకు కలిపే టెండాన్. మందుతో మొద్దుబార్చి, మడమకు సుమారు సెంటీమీటరు పైన సన్నని బ్లేడుతో చిన్న గాటు పెట్టి దాన్ని పూర్తిగా తెంచుతారు. మడమ అప్పటికప్పుడు కిందికి దిగుతుంది. కుట్టు వేయరు. మూడు వారాలు చివరి కట్టు. విప్పేసరికి తెగిన రెండు కొసల మధ్య ఖాళీలో కొత్త టెండాన్ పెరిగి అతుక్కుని ఉంటుంది, అదీ కావలసినంత పొడవుగా! దీనికి నా పొట్లకాయ చాలదు. పసి ఒంటికి ఆ సంగతి ఎవరు నేర్పారో!

ఇక అసలు పరీక్ష ఇంట్లో మొదలవుతుంది. చివరి కట్టు విప్పిన రోజునే ఒక కడ్డీకి బిగించిన బూట్లు తొడుగుతారు. కడ్డీ పొడవు బిడ్డ భుజాల వెడల్పంత. వంకర పాదం బూటు 70 డిగ్రీలు బయటికి తిరిగి ఉంటుంది. ఒక్క పాదమే వంకరైతే మంచి పాదానిది 40 డిగ్రీలు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, స్నానానికి తప్ప విప్పకూడదు. తర్వాత రాత్రీ, పగటి నిద్రలోనూ కలిపి 12 నుంచి 14 గంటలు, నాలుగేళ్ళు వచ్చేదాకా. పాదం చక్కగా కనిపిస్తోంది కదా, పసివాణ్ణి ఎందుకు బాధపెట్టడమని జాలిపడి బూట్లు మానేసిన ఇళ్ళల్లోనే వంకర ఎక్కువగా తిరిగి వస్తుంది. కాయ ఇంకా పెరుగుతుండగానే రాయి విప్పేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పట్టీ వదులుగా ఉంటే పాదం జారి బొబ్బలెక్కుతాయి, కాబట్టి మడమ అడుగుకు ఆనిందో లేదో చూసి పట్టీ బిగించాలి. లోపల మడతలు పడని నూలు మేజోళ్ళు వేయాలి.

మొదట్లో ఈ బూట్లు ఖరీదైనవి. ఉగాండాలో స్టీన్‌బీక్ అనే ఆయన తోలు, ఇనుప కడ్డీతో అక్కడి పనివాళ్ళే చేసుకోగల బూట్లు తయారుచేశారు. ఆ దేశంలో డాక్టర్లు తక్కువ కాబట్టి, కట్లు వేయడం ఆర్థోపెడిక్ సహాయకులకు నేర్పారు, వాళ్ళు చక్కగా వేశారు. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వంకర పాదాన్నీ చేర్చారు. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 42 రోజుల్లో ఆరేడుసార్లు వచ్చి బిడ్డను చూస్తుంది. ఆ తర్వాత అంగన్‌వాడీలకు వైద్య బృందాలు వస్తాయి. కానీ వారం వారం బస్సెక్కి ఆస్పత్రికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, పెద్దపిల్లను ఎవరింట్లోనో వదలాలి. మూడో కట్టు తర్వాత రాని తల్లిది నిర్లక్ష్యం అనకండి. చాలాసార్లు ఆవిడకు కావలసింది ఆ ఒక్క పూట పిల్లను చూసే పొరుగు మనిషి.

మీ వంతు పనులు చెబుతాను. రోజూ ఉదయం, సాయంత్రం తమ్ముడి కట్టు చివర వేళ్ళు చూడండి. గులాబీ రంగులో, వెచ్చగా, అన్నీ కనబడుతూ ఉండాలి. నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే రంగు రావాలి. నీలంగా, చల్లగా, వాచి ఉన్నా, చెడు వాసన వచ్చినా, నిన్న కనిపించిన వేళ్ళు కట్టు జారి ఇవాళ లోపలికి పోయినట్టున్నా, ఏదో తేడా వచ్చిందన్నమాట. రేపటిదాకా ఆగకుండా పిన్నికి చెప్పి ఆ పూటే ఆస్పత్రికి ఫోన్ చేయించండి. పిన్ని కట్టును ముందురోజు రాత్రే ఇంట్లో నానబెట్టి విప్పబోతే వద్దనండి. విప్పి ఉంచిన ప్రతి గంటా పాదం వెనక్కి పోతుంది. వచ్చే వారం ఆస్పత్రిలో కట్టు విప్పినప్పుడు మీరూ వెంట వెళ్ళండి. అందరూ వేళ్ళ వైపు చూస్తుంటారు, మీరు మడమ చూడండి. ఎవరూ ముట్టుకోని మడమ తనంతట తాను ఎంత నిటారుకు వచ్చిందో కాగితం మీద గీసి నాకు పంపండి.

మీ
తాతయ్య