సరుకు గుణాన్ని కథలో కలపడం: అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ చిన్న తయారీదారులకి కథలు రాసిపెట్టడం నా వృత్తి. బెల్లం, కాఫీ, లక్కబొమ్మలు, పచ్చళ్లు, ఏదైనా సరే, ఆ సరుకులో నిజంగా ఉన్న గుణాన్ని ఒక మనిషికి స్వభావంగా ఇచ్చి, ఆ మనిషి చుట్టూ కథ అల్లుతాను. అది ఆడియో కథ కావచ్చు, నాలుగు పేజీల బొమ్మల కథ కావచ్చు, వారం వారం వచ్చే రీల్ కావచ్చు. ఈ పనంటే నాకు చాలా ఇష్టం, గౌరవం. అందుకే దీని గురించి తరచూ వినపడే కొన్ని మాటలకి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: కథలో బ్రాండ్ పేరు ఎన్నిసార్లు వస్తే అంత లాభం

వాస్తవం: పేరు రెండోసారి వినపడేసరికి వినేవాళ్లకి ఇది యాడ్ అని అర్థమైపోతుంది, ఇక కథ మీద మనసు పెట్టరు. పేరు చివర్లో ఒక్కసారి వచ్చినా చాలు. వాళ్లకి గుర్తుండాల్సింది గుణం.

ఈ విషయంలో నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ సర్ఫ్ సబ్బుపొడి యాడ్‌లోని లలితాజీ. నిర్మా పొడి చాలా తక్కువ ధరకి దేశమంతా అమ్ముడుపోతూ, ఖరీదెక్కువైన సర్ఫ్‌ని గట్టి దెబ్బ తీసిన రోజులవి. ఆ ధరతో సర్ఫ్ పోటీ పడలేకపోయింది. అప్పుడు 1980లలో లింటాస్ అనే యాడ్ ఏజెన్సీలో అలిక్ పదంసీ ఆధ్వర్యంలో పుట్టిన పాత్ర లలితాజీ. ప్రతి పైసాకీ లెక్క చూసుకునే గృహిణి. చవక సరుకు వేరు, మంచి సరుకు వేరు అని కూరగాయలు కొనేటప్పుడే తేల్చి చెప్పే మనిషి. అంత గట్టి మనిషి ఎక్కువ డబ్బు పెట్టి ఈ పొడే కొంటోందంటే ఏదో లెక్క ఉండే ఉంటుందని చూసేవాళ్లే అనుకున్నారు. 'ధర ఎక్కువైనా గిట్టుబాటు' అన్న మాటని సర్ఫ్ తన నోటితో చెప్పి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు. ఆవిడ స్వభావం ఆ మాట చెప్పింది. మన పూర్ణా మార్కెట్‌కి వెళ్తే ఇవాళ్టికీ అలాంటి లలితాజీలు బేరం ఆడుతూ కనపడతారు. సబ్బుపొడి పేరు తీసేసినా ఆ పాత్ర బతుకుతుంది, అందుకే అంతకాలం నిలిచింది.

అపోహ: సరుకులో లోపం కథలో కనపడకూడదు

వాస్తవం: ఎక్కువ వాదన ఇక్కడే జరుగుతుంది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అనకాపల్లి బెల్లమే తీసుకోండి. పసుపుగా మెరిసిపోయే దిమ్మ కావాలని కొనేవాళ్లు అడుగుతారు. ఆ రంగు రావడానికి పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలిపేవాళ్లు ఉన్నారు. ఏమీ కలపకుండా వండితే బెల్లం ముదురు రంగుకి వస్తుంది. వానాకాలంలో గాలిలో తేమ పీల్చుకుని చెమరుస్తుంది, మెత్తబడుతుంది. మందు కలపని బెల్లం అమ్మే కుటుంబానికి ఈ రెండూ పెద్ద టెన్షన్. "మన సరుకు నల్లగా ఉంటుంది, కారిపోతుంది అని మనమే చెప్పుకుంటామా అండీ?" అని అడుగుతారు.

చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ నలుపు, ఆ చెమ్మ కొన్నవాళ్ల వంటింట్లో ఎలాగూ బయటపడతాయి. కథలో ముందే విని ఉంటే 'ఇది అలాగే ఉంటుందట' అనుకుంటారు. వినకపోతే 'మోసపోయాం' అనుకుంటారు.

అలాంటి బెల్లానికి నేను రాసుకున్న పాత్ర నూకాలు. ముఖానికి పౌడరు రాయదు, మనసులో మాట దాచదు. పెళ్లివారు సారె కోసం బెల్లం కొనడానికి వస్తారు. "ఏటమ్మా, ఇలాగ నల్లగున్నాది?" అంటారు. "చెరుకు రసం మరిగితే ఈ రంగే వస్తాదండి. పచ్చగా మెరిసీది కావాలంటే నా కాడ నేదు" అంటుంది. బేరం పోతుంది. కథలో నేను ఆ బేరాన్ని తిరిగి రానివ్వను. నూకాలు నష్టపోయింది, అయినా మాట మార్చలేదు. వినేవాళ్లు ఆమెని నమ్మేది ఆ నష్టం చూసే. తర్వాతి భాగంలో వానలు పడతాయి, ఒకావిడ చెమర్చిన దిమ్మ పట్టుకుని కోపంగా వస్తుంది. గాలి చొరబడని డబ్బాలో ఎలా దాచుకోవాలో నూకాలు ఆమెకి చూపిస్తుంది. ఈ రెండు భాగాల్లో 'స్వచ్ఛమైన', 'నాణ్యమైన' అన్న మాటలు ఒక్కసారి కూడా రావు.

అపోహ: కల్పిత కథే కదా, ఏం రాసినా చెల్లుతుంది

వాస్తవం: చెల్లదు. కథ ద్వారా చెప్పినా అది సరుకు గురించి చేసిన వాగ్దానమే. షుగర్ ఉన్న తాతయ్య రోజూ బెల్లం టీ తాగి బాగుపడినట్టు రాయమని అడిగేవాళ్లు ఉంటారు. నేను రాయను. బెల్లంలో ఉండేది చాలావరకు చక్కెరే. ఆ కథ నమ్మి ఎవరి తాతయ్యో నిజంగా తాగుతాడు. ఆహార పదార్థం జబ్బుని నయం చేస్తుందని ప్రచారం చేయకూడదని ఆహార భద్రతని చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. పాత్ర నోట పలికించాం కాబట్టి మాకు సంబంధం లేదు అనే వాదన మీద ఆధారపడి కథ రాయకండి.

డబ్బు తీసుకుని కథ చెబుతున్నప్పుడు అది ప్రకటన అని కనపడేలా రాయాలి కూడా. సోషల్ మీడియాలో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం ప్రకటనల రంగం తనకి తానే పెట్టుకున్న నియంత్రణ సంస్థ ఆస్కీ 2021లోనే ఈ నియమం తెచ్చింది. లేబుల్ వేస్తే జనం చూడరని భయపడతారు. కథ బాగుంటే చూస్తారు.

అపోహ: ముద్దొచ్చే బొమ్మ పాత్ర ఉంటే చాలు

వాస్తవం: బొమ్మకి స్వభావం ఉండాలి. 1966లో మొదలైన అమూల్ పాప ఇన్నేళ్లుగా ప్రతి వార్త మీదా చిలిపిగా ఒక మాట అంటూనే ఉంది. వార్తలు మారుతున్నాయి, ఆ చిలిపితనం మారలేదు. కానీ ముద్దుతనానికి ఇంకో ముఖం ఉంది. అమెరికాలో 1988 నుంచి 1997 దాకా ఒక సిగరెట్ కంపెనీ జో క్యామెల్ అనే కార్టూన్ ఒంటెని వాడింది. ఆరేళ్ల పిల్లలు ఆ ఒంటెని ఇంచుమించు మిక్కీ మౌస్‌తో సమానంగా గుర్తుపడుతున్నారని 1991లో ఒక వైద్య పత్రికలో అధ్యయనం వచ్చింది. పాత్ర ఎంత బాగా పనిచేస్తుందో, ఎంత హాని చేయగలదో ఆ ఒక్క ఉదాహరణలో రెండూ ఉన్నాయి. పిల్లలకి ఇవ్వకూడని సరుకుకి పిల్లలు మెచ్చే పాత్ర రాయడం నా దృష్టిలో తప్పు.

అపోహ: అరకు సరుకైతే కొండలు, థింసా నాట్యం, నవ్వే గిరిజన అమ్మాయి వస్తే కథ అయిపోతుంది

వాస్తవం: అది క్యాలెండర్ బొమ్మ అవుతుంది. ఆ అమ్మాయి ఏమీ చేయదు, ఏమీ అనుకోదు. 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన అరకు వ్యాలీ అరబికా గుణం ఆ పెంపకంలో ఉంది. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలు, ఆ చెట్ల మీదికే పాకే మిరియాల తీగలు. ఒకే కొమ్మ మీద పండిన ఎర్ర పళ్లూ, పచ్చి కాయలూ కలిసే ఉంటాయి. పండినవే కోయాలంటే అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. ఇప్పుడు ఆ అమ్మాయిని తోటలో పెట్టండి. సంత రోజు దగ్గర పడింది, ఇంట్లో డబ్బు అవసరం ఉంది, కొమ్మంతా ఒక్కసారే దూసేస్తే బస్తా నిండుతుంది. ఏం చేస్తుంది? ఎవరితో గొడవ పడుతుంది? రుచి అక్కడ నుంచి వస్తుంది, కథ కూడా. ఆమెని అమాయకురాలిగా చూపించడం ఆమె పనితనానికి అవమానం.

అపోహ: కథ బాగుంటే సరుకు దానంతటదే అమ్ముడుపోతుంది

వాస్తవం: కథ బాగుండి, సరుకుతో దానికి సంబంధమే లేకపోవడం తరచూ జరుగుతుంది. దీనికి నేను వాడే పరీక్ష సులువైనది. సరుకు తీసేసి వేరేది పెట్టి చూస్తాను. ఏటికొప్పాక లక్కబొమ్మ గురించి రాసిన కథలో ప్లాస్టిక్ కారు పెట్టినా కథ చెక్కుచెదరలేదంటే మళ్లీ రాయాల్సిందే. మెత్తని అంకుడు కర్ర, తిరిగే కర్రకి లక్కని ఒత్తితే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకునే రంగు, పసిపిల్లల చేతికి గుచ్చుకోని గుండ్రటి అంచులు, ఇవి కథ మలుపులో పనికొచ్చి తీరాలి.

కాబట్టి ఎవరైనా కథ రాయించుకోవాలని వస్తే నేను అడిగేవి ఇవి: సరుకు నమూనా, దాని మీద వేసే లేబుల్, కొన్నవాళ్లు ఎక్కువగా చేసే ఫిర్యాదులు, నష్టం వచ్చినా మీరు చేయనిది ఏమిటో ఒక్క ముక్క. చివరిదానికి జవాబు దొరకడానికి టైమ్ పడుతుంది. వండే చోటికో, తోటకో వెళ్లి పక్కన కూర్చుంటే తప్ప చాలామంది చెప్పలేరు. అందుకే కథ రేటులో ఆ ప్రయాణం ఖర్చు కూడా కలిపే చెబుతాను.