నిజాం ఇచ్చిన టియారా ఏమైంది?

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. ఎలిజబెత్ రాణి తల మీది వజ్రాల నగ మన హైదరాబాద్‌దేనా అని అడిగారు కదా. డబ్బు హైదరాబాద్‌ది, పనితనం లండన్‌ది.

1947 నవంబర్ 20న ఆమె పెళ్లి. అప్పటికి హైదరాబాద్ ఇంకా మన దేశంలో కలవలేదు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది అసఫ్‌జాహీల వంశం. టైమ్ పత్రిక 1937లోనే ఆయన బొమ్మ ముఖచిత్రంగా వేసి, లోకంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆయన కానుక తను ఎంచి పంపలేదు. లండన్‌లోని కార్టియే నగల దుకాణానికి కబురు పెట్టి, పెళ్లికూతురినే నచ్చింది తీసుకోమన్నాడు. ఆమె ఒక వజ్రాల హారం, ఒక టియారా ఎంచుకుంది.

గోల్కొండ వజ్రాల గడ్డను ఏలేవాడు లండన్ షాపులో కొనడం నాకిప్పటికీ వింతే! ఇంట్లో 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం ఉంది మరి. కాగితాలు ఎగరకుండా దాన్నే బరువు పెట్టేవాడట.

టియారా అంటే తలంతా చుట్టుకునే కిరీటం కాదు, జుట్టు మీద ముందువైపు నిలబడే నగ. దీని మీద ఆకులూ గులాబీలూ చెక్కినట్టు వజ్రాలు పొదిగారు. మూడు గులాబీలు, ఒకటి పెద్దది, రెండు చిన్నవి, ఊడదీసి బ్రూచ్‌లుగా, అంటే బట్టలకు గుచ్చుకునే నగలుగా, పెట్టుకోవచ్చు.

ఆ టియారా ఇప్పుడు లేదు. మన ఇళ్లలో అమ్మమ్మ కాసులపేరు చెరిపించి కోడలికి గాజులు చేయిస్తారే, అలాగే 1973లో రాణి దాన్ని విప్పించేసింది. ఆ వజ్రాలతో గెరార్డ్ నగల సంస్థ కొత్త టియారా చేసింది. అందులో ఎర్రగా మెరిసేవి కెంపులు. అవి కూడా పెళ్లి కానుకే, బర్మా ప్రజలు ఇచ్చినవి, మొత్తం 96. మనిషికి వచ్చే 96 రోగాల్లో ఒక్కోదాని నుంచి ఒక్కో కెంపు కాపాడుతుందని వాళ్ల నమ్మకం. గులాబీలను మాత్రం కరిగించలేదు. రాణి వాటిని చాలాకాలం కోటు మీద పెట్టుకుంది. హారం కూడా అలాగే ఉంది, 2014లో మనవడి భార్య కేట్ వేసుకుంది.

నిజాం సొంత నగల సంగతి వేరే. 1995లో భారత ప్రభుత్వం 173 నగలను 218 కోట్లకు కొని, రిజర్వ్ బ్యాంకులో భద్రపరిచింది. జాకబ్ వజ్రం కూడా అందులోనే ఉంది. 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. మళ్లీ ఎప్పుడైనా పెడితే మీ నాన్నకు చెప్పండి, అందరం కలిసి వెళ్దాం.

ఇట్లు,
మీ తాతయ్య