రోబో భుజానికి ఏతం సాయం

లీటరు నీళ్ళ సీసా ఒకటి పట్టుకుని చెయ్యి పక్కకి బారుగా చాపండి. మొదటి అరనిమిషం ఏమీ అనిపించదు. కాసేపటికి భుజం లాగుతుంది, ఆ తర్వాత మండుతుంది. సీసా బరువు కిలోనే, అదేమీ పెరగలేదు. కానీ అది భుజం కీలుకి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది. కిలోని 60తో గుణిస్తే 60 కిలో-సెంటీమీటర్లు. భుజాన్ని కిందికి తిప్పాలని చూసే ఈ బలాన్నే టార్క్ అంటారు. మనిషెత్తు రోబో చెయ్యాలనుకునేవాళ్ళకి ముందుగా ఒంటబట్టాల్సింది ఈ ఒక్క గుణకారమే.

విజయవాడలో మా డాబా మీద రేకుల షెడ్డు ఉంది. సాయంత్రాలు, ఆదివారాలు అందులో కూర్చుని ఒక రోబోని తయారు చేస్తున్నాను. మూడేళ్ళయింది. చూడడానికి వచ్చినవాళ్ళు మొట్టమొదట అడిగేది "మాట్లాడుతుందా అండీ?" అనే. మాట్లాడుతుంది. స్పీకరు, మైకు, ఒక చిన్న కంప్యూటరు బిగిస్తే ఆ పని రెండు వారాల్లో అయిపోయింది. రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టించడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది.

హాబీ రోబోల కీళ్ళని తిప్పేది సర్వో మోటారు. దానికి సెకనుకి 50 సార్లు చిన్న విద్యుత్ పల్సు పంపిస్తాం. పల్సు ఒకటిన్నర మిల్లీసెకను ఉంటే మధ్యకి, ఒక మిల్లీసెకను ఉంటే ఒక వైపుకి, రెండు ఉంటే రెండో వైపుకి తిరుగుతుంది. ఎంత తిరిగిందో తెలుసుకోవడానికి లోపల పొటెన్షియోమీటరు ఉంటుంది, పాత రేడియోల్లో వాల్యూమ్ తిప్పే మరలాంటిదే. తక్కువ ధరకి దొరికే ఇనుప గేర్ల సర్వో సుమారు 10 కిలో-సెంటీమీటర్లు లాగుతుంది. నా రోబో చెయ్యి బరువు 2 కిలోలు, దాని బరువు కేంద్రం భుజానికి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంటే చెయ్యి చాచినప్పుడు 50 కావాలి. చేతిలో ఏమీ పెట్టకుండానే మోటారు శక్తికి అయిదింతలు!

బల్ల మీద నిలబడే జానెడు రోబోకి ఈ బాధ లేదు. అదే బొమ్మని అన్ని వైపులా రెండింతలు చేస్తే బరువు రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. చెయ్యి పొడుగు కూడా రెండింతలైంది కాబట్టి భుజం మీద టార్క్ పదహారింతలు. పెద్ద జంతువుల ఎముకలు అంత లావుగా ఎందుకుంటాయో వివరిస్తూ గెలీలియో 1638లో రాసింది ఈ లెక్క గురించే. హోండా కంపెనీ దగ్గర డబ్బుకి, ఇంజినీర్లకి లోటు లేదు. 1996లో వాళ్ళు చూపించిన పీ2 అనే నడిచే రోబో ఎత్తు 182 సెంటీమీటర్లు, బరువు 210 కిలోలు. మరుసటి ఏడాది పీ3 వచ్చేసరికి ఎత్తు 160కి, బరువు 130కి దిగాయి. 2000లో వచ్చిన అసిమో 120 సెంటీమీటర్లే. వాళ్ళే ఎత్తు తగ్గించుకుంటూ వచ్చారంటే బరువు ఎంత మొండి శత్రువో చూడండి. నా రోబోకి కాళ్ళు పెట్టలేదు. అడుగున నాలుగు చక్రాల పీట, దాని మీద బ్యాటరీ, అక్కణ్ణుంచి నడుము.

కాబట్టి మొదటి పని చేతిని తేలిక చెయ్యడం. ఆటోనగర్‌లో నాకు లేత్ పని చేసిపెట్టే మేస్త్రీ నేను తీసుకెళ్ళిన అల్యూమినియం కడ్డీని చేత్తో ఎత్తి చూసి, "గొట్టం తెచ్చుకోండి సార్, మధ్యలో ఉన్న లోహం చేసే పని తక్కువ" అన్నాడు. లారీ ఇంజను నుంచి వెనక చక్రాలకి శక్తిని మోసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా లోపల బోలు గొట్టమే. కడ్డీ వంగినా మెలితిరిగినా ఒత్తిడి ఎక్కువగా పడేది అంచు మీద. వెదురుబొంగు ఆ సంగతి ఎప్పటినుంచో పాటిస్తోంది.

ఇక వేళ్ళు. మీ కుడి చేత్తో ఎడమ ముంజేతిని మోచేతికి దగ్గరగా గట్టిగా పట్టుకుని ఎడమ చేతి వేళ్ళు ఆడించండి. కండరాలు అక్కడ కదులుతాయి. మన వేళ్ళ లోపల కండరాలు ఉండవు, స్నాయువులనే తాళ్ళు ముంజేతి నుంచి, అరచేతి నుంచి వాటిని లాగుతాయి. చేతి చివర బరువు పెట్టకూడదన్న నియమాన్ని శరీరం అంత కచ్చితంగా పాటించింది. ఫ్రాన్స్‌కి చెందిన శిల్పి గాయెల్ లాంజ్‌వాన్ 2012లో మొదలుపెట్టి, ఎవరైనా ఇంట్లో త్రీడీ ప్రింటరు మీద చేసుకునేలా ఉచితంగా ఇచ్చిన ఇన్‌మూవ్ రోబోలోనూ వేళ్ళ మోటార్లు ముంజేతిలోనే ఉంటాయి. నేనూ అదే దారి పట్టాను. స్నాయువులకి చేపలు పట్టే అల్లిక దారం వాడాను. మామూలు నైలాన్ దారం సాగుతుంది. సాగితే పిడికిలి సగంలోనే ఆగిపోతుంది.

అరచేతి తొడుగు మాత్రం కొండపల్లి నుంచి వచ్చింది. అక్కడ బొమ్మలు చేసే తెల్ల పొనికి చెక్క ఎంత తేలికో చేతిలోకి తీసుకున్నవాళ్ళకి తెలుసు. ఆ బొమ్మల కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. నా రోబో అరచేతిని కూడా అలాగే అతికాను. ఆ పని చేస్తున్నంతసేపూ, మన జిల్లాలో తరతరాలుగా తేలికైన మనుషుల్ని చేస్తున్న చేతులున్నాయి కదా అని సంతోషం వేసింది.

ఇంత చేసినా చెయ్యి 2 కిలోల కంటే కిందికి దిగలేదు. నేను పైన చెప్పింది ఇవన్నీ అయ్యాక మిగిలిన బరువు! అప్పుడు గేర్లు పెట్టాను. మోటారు అయిదు చుట్లు తిరిగితే భుజం ఒక చుట్టు తిరిగేలా చేస్తే బలం అయిదింతలవుతుంది, వేగం అయిదో వంతుకి పడిపోతుంది. ఇంకో చిక్కు, 180 డిగ్రీలు తిరిగే సర్వో ఇప్పుడు చేతిని 36 డిగ్రీలే తిప్పుతుంది. అందుకని మోటారు లోపలి పొటెన్షియోమీటరుని ఊడదీసి నేరుగా భుజం ఇరుసుకి బిగించాలి, లోపల అడ్డుపడే పిన్నుని తీసెయ్యాలి. అప్పుడు మోటారు తను ఎంత తిరిగిందని కాక, చెయ్యి ఎక్కడుందని చూసుకుంటుంది.

ఆ గేర్లన్నీ త్రీడీ ప్రింటరు మీద పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో చేసిన దిమ్మలో కూర్చోబెట్టాను. చలికాలం అంతా బాగా నడిచింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, నా దిమ్మ పగల్లేదు కానీ వంగిపోయింది. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడ ఎండ, దాని కింద రేకులు, అందులో గంటల తరబడి బరువు మోస్తూ కాగిన మోటారు, అన్నీ ఒకచోట చేరాయి. ఇప్పుడు భుజంలో అల్యూమినియం పలకలే ఉన్నాయి.

మోటారు ఎందుకు కాగుతోంది? చెయ్యి కదలకుండా గాలిలో ఉన్నా, దాన్ని పడిపోకుండా ఆపడానికి మోటారు కరెంటు లాగుతూనే ఉంటుంది. ఈ ప్రశ్న దగ్గరే నాకు మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో, తెనాలి వైపు, చిన్నప్పుడు చూసిన ఏతం గుర్తొచ్చింది. పొడుగాటి దూలం, ఒక చివర బాన, రెండో చివర బరువు. నీళ్ళని ఎత్తేటప్పుడు సగం పని ఆ బరువే చేస్తుంది. రోబో భుజం వెనక అలాంటి రాయి కట్టలేను, మొత్తం బరువు పెరిగిపోతుంది. రాయి చేసే పని స్ప్రింగు చేస్తుంది. మోటారు వాహనాల సస్పెన్షన్ల మీద పనిచేసిన జార్జ్ కార్వర్డైన్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు 1930ల మొదట్లో ఈ ఆలోచనతోనే, ఎక్కడ వదిలితే అక్కడే నిలిచే టేబుల్ ల్యాంపు చేశాడు.

మోచెయ్యి మడిస్తే బరువు కేంద్రం భుజానికి 15 సెంటీమీటర్లకి దగ్గరవుతుంది, టార్క్ 30కి తగ్గుతుంది. మనమూ బరువైనది ఎత్తేముందు మోచెయ్యి మడుస్తాం, గమనించండి. కాబట్టి ముందు మోచెయ్యి, తర్వాత భుజం కదిలేలా ప్రోగ్రాం మార్చాను. స్ప్రింగుని కీలుకి 5 సెంటీమీటర్ల దూరంలో తగిలించాను. 30ని 5తో భాగిస్తే 6. అంటే 6 కిలోలు లాగే స్ప్రింగు. ఆటోనగర్ పాత సామాన్ల కొట్లో స్ప్రింగులు ఒక్కొక్కటీ వేలాడే తక్కెడకి తగిలించి లాగి చూసి రెండు ఎంచుకున్నాను.

ఒక్క సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నేను నిజంగా భయపడ్డాను. స్ప్రింగులు పెట్టకముందు అన్ని మోటార్లూ ఒకేసారి కదలబోతే ఒక్కొక్కటీ రెండు, రెండున్నర ఆంపియర్లు లాగేది. వోల్టేజి కుంగి, మోటార్లకి ఆదేశాలిచ్చే ఆర్డుయినో అనే చిన్న కంట్రోలు బోర్డు ఆగి, మళ్ళీ మొదటినుంచి మొదలయ్యేది. మొదలవగానే చేతుల్ని ఎత్తబోయేది, మళ్ళీ ఆగేది. జ్వరం వచ్చిన మనిషిలా వణికేది. ఆ వణుకులో ఒకసారి చెయ్యి విదిల్చి పక్కనున్న స్టూలుని పడగొట్టింది. మా పాప రోజూ కూర్చునే స్టూలు అది. ఆ రోజే బోర్డుకీ మోటార్లకీ వేరువేరు సప్లై ఇచ్చాను, నెగటివ్ తీగ మాత్రం రెండింటికీ ఒకటే ఉండాలి. లావు తీగలు వేశాను, మోటార్లు ఒకదాని తర్వాత ఒకటి కదిలేలా చేశాను. చెయ్యి అందేంత దూరంలో ఎర్ర బటన్ పెట్టాను, నొక్కితే మోటార్లకి కరెంటు ఆగిపోతుంది. మనిషంత యంత్రం చేసేవాళ్ళు ఈ బటన్ ముందు పెట్టండి, చెయ్యి తర్వాత పెట్టండి.

స్ప్రింగులు బిగించిన రాత్రి రోబో మోచేతులు మడిచి, నెమ్మదిగా రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. మోటారు మీద వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా కూడా లేదు. ఎర్ర బటన్ నొక్కాను. ఇన్నాళ్ళూ ఆ క్షణంలో చేతులు దబ్బున కిందపడేవి. ఈసారి అవి అలాగే, జోడించినవి జోడించినట్టే గాలిలో ఉండిపోయాయి.